రోశమ్మ లాంచికి చెప్పుల దండ

పడవల ఇన్‌స్పెక్టరు జీవరత్నం 1985లో రాసి వెళ్లిన కాగితంలో మూడు వాక్యాలున్నాయి. లాంచి ఎడమ పక్క చెక్కలు రాతికి రాసుకుని పావు అంగుళం అరిగాయి. రేవులో కట్టినప్పుడు పక్కలకు మెత్తటి అడ్డు వేలాడదీయాలి. వచ్చే తనిఖీ నాటికి అరుగుదల పెరిగితే పర్మిట్ రద్దు.

ఆ కాగితాన్ని లాంచి యజమాని అంకారావు ఇంజను పక్కన మేకుకు గుచ్చాడు. ఏడాదిపాటు అది అక్కడే ఉంది.

అంకారావు అంతకుముందు ఇరవై ఏళ్లు క్వారీ లారీ నడిపాడు. లారీ అమ్మి లాంచి కొన్నాడు. ముందు భాగంలో ఎడమ వైపు అత్తగారి పేరు రాయించాడు. పెళ్లాం పేరు రాయిస్తే అత్తగారు అలుగుతుంది, అత్తగారి పేరు రాయిస్తే పెళ్లాం అలగదు అని లెక్క వేశాడు. ఆ లెక్క సరిపోయింది. లాంచి పేరు రోశమ్మ.

మాచర్లకు పద్నాలుగు మైళ్ల దూరంలో, సాగర్ జలాశయం ఒడ్డున బండరేవు అనే ఊరుంది. అవతలి ఒడ్డున లింగాలగుట్ట, దాని మీద శివాలయం. శివరాత్రికి జనం ఇటు నుంచి అటు వెళ్లడానికి ఉన్నది ఈ లాంచి ఒక్కటే. అంకారావుకు ఏడాదంతా నడిచేది ఒక ఎత్తు, శివరాత్రి మూడు రోజులు ఒక ఎత్తు. పర్మిట్ లేకపోతే ఆ మూడు రోజులు లాంచి ఒడ్డున ఉంటుంది.

వానాకాలంలో ఇబ్బంది లేదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు లాంచిని సిమెంటు మెట్ల దగ్గర కడతారు. కాలువలకు నీళ్లు వదిలాక జలాశయం దిగుతుంది, మెట్లు పైన మిగిలిపోతాయి. మెట్ల కింద క్వారీ వాళ్లు శ్రమదానం చేసి నాపరాళ్లు పేర్చారు. గోడ కట్టే అలవాటు కొద్దీ అంచులు నీళ్ల వైపు పెట్టారు. మధ్యాహ్నం గాలి లేచినప్పుడు లాంచి ఆ అంచులకు కొట్టుకుంటుంది. ఆ చప్పుడు ఊళ్లోకి వినపడుతుంది.

"రోశమ్మ దగ్గుతోందిరా" అంటారు అరుగుల మీద వాళ్లు. అసలు రోశమ్మ ఆ మాట విన్నప్పుడల్లా తిట్టేది.

డిసెంబరులో నీళ్లు దిగగానే అంకారావు పాత లారీ టైర్లు ఎనిమిది తెచ్చి, ఒక్కో పక్కకు నాలుగు చొప్పున వేలాడదీశాడు. ఎనిమిదీ తన పాత లారీవే. అందులో ఒకదానికి ఒకసారి మేకు దిగితే మూడు మూలల రబ్బరు అతుకు వేయించాడు. ఆ అతుకు వేయించడానికి బొల్లాపల్లి దగ్గర ఎండలో ఆరు గంటలు కూర్చున్నాడు. ఆ టైరును ఎక్కడ చూసినా గుర్తుపడతానని లాంచి నడిపే సరంగు సాంబయ్యతో చెప్పాడు.

సంక్రాంతి లోపల ఎనిమిదీ పోయాయి. మొదట రెండు, తర్వాత మూడు, చివరికి మిగిలిన మూడూ. తాళ్లు మాత్రం కోసినచోట కోసినట్టు వేలాడుతున్నాయి.

దొంగలెవరో తెలుసుకోవడానికి అంకారావు కష్టపడాల్సిన పని లేకపోయింది. రేవు నుంచి ఊళ్లోకి దుమ్ములో అడుగుజాడలున్నాయి. అడుగు అడుగుకీ లారీ టైరు అచ్చు. లారీ ఒకటి రెండు కాళ్ల మీద నడిచి ఊళ్లోకి వెళ్లినట్టుంది.

బండరేవులో మగాళ్లలో ముప్పాతిక మంది క్వారీ పనికి వెళతారు. నాపరాతి పెచ్చు మామూలు చెప్పును వారంలో కోసేస్తుంది. లారీ టైరుతో కుట్టిన చెప్పు రెండేళ్లు ఉంటుంది. కుట్టేది పిచ్చియ్య. అంకారావు నేరుగా పిచ్చియ్య దగ్గరికి వెళ్లాడు.

"పిచ్చియ్య బాబాయ్, నా టైర్లు కోశావా?"

"నేను టైర్లు కోయను అబ్బాయ్. చెప్పులు కోస్తా."

"చెప్పులు దేంతో కోస్తావు?"

"ముక్కల్తో. ముక్కలు తెస్తారు, కుడతా. ముక్కకి పేరుంటదా, ఊరుంటదా?"

"మూడు మూలల అతుకున్న ముక్క వచ్చిందా?"

పిచ్చియ్య ఆలోచించినట్టు చేశాడు. "వచ్చినట్టే గుర్తు. ఎవరి కాళ్లకి పోయిందో మాత్రం గుర్తు లేదు" అన్నాడు. అని, అంకారావు మొహం వైపు కాకుండా కిందికి చూశాడు.

ఆ రోజు నుంచి అంకారావు మనుషుల మొహాలు చూడటం మానేశాడు. ఎవరు ఎదురొచ్చినా పాదాలు చూసేవాడు. వాళ్లు దాటి వెళ్లాక వంగి దుమ్ములో అచ్చు చూసేవాడు. టైరు అచ్చులు నలభైకి పైగా లెక్క తేలాయి. మూడు మూలల అతుకు మాత్రం తగల్లేదు. దాని మీదే పంతం పట్టాడు. అది దొరికితే ఆ ఒక్కణ్ణి రచ్చబండ దగ్గర నిలబెట్టి మిగిలిన అందరి పేర్లూ చెప్పించాలని అతని ఆలోచన.

ఒకరోజు చుక్కాని దగ్గర నిలబడ్డ సాంబయ్య కాళ్లు చూశాడు.

"ఒరేయ్ సాంబయ్యా, నువ్వు కూడానా?"

సాంబయ్య కాళ్లు దాచుకోలేదు. "నేనెప్పుడూ లాంచి మీదేగా అన్నా ఉండేది. నా కాళ్లకున్నా టైరు లాంచి మీదున్నట్టే గదా" అన్నాడు.

సరంగు పోతే మళ్లీ దొరకడు. అంకారావు ఊరుకున్నాడు.

రెండో ప్రయత్నం వరిగడ్డి. గోనె సంచుల్లో గడ్డి కూరి, మూతులు కుట్టి వేలాడదీశారు. అది నాలుగు రోజులు పనిచేసింది. ఐదో రోజు మధ్యాహ్నం నీళ్లలో పడుకున్న గేదెలు లేచి లాంచి చుట్టూ చేరాయి. సంచులు చింపి గడ్డి తిన్నాయి. గడ్డి అయిపోయాక ఒక గేదె లాంచికి ఒళ్లు రుద్దుకుంది. చెక్క రాతికి తగిలింది.

మూడో ఉపాయం అత్తగారిది. రోశమ్మకు అరవై ఏళ్లు. మిరప కల్లంలో కాయలు ఏరుతూ ఆ మాట చెప్పింది.

"మనుషులు ఎత్తకపోకూడదు, గొడ్లు తినకూడదు. అంతేగా అల్లుడా? తాలు కాయ కూరు. దాన్ని మనిషీ ముట్టడు, గొడ్డూ ముట్టదు."

తాలు కాయలంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు. కల్లాల దగ్గర కుప్పలుగా పడి ఉంటాయి. పది గోనె సంచుల్లో తాలు కాయలు, తొడిమలు కూరి ఫిబ్రవరి మొదటి వారంలో లాంచికి కట్టారు. ఎవరూ ఎత్తుకుపోలేదు. గేదెలు ఒకసారి వచ్చి వాసన చూసి వెళ్లిపోయాయి. లాంచి దగ్గడం మానింది. ఇరవై రోజులు చెక్క రాతిని తాకలేదు. అంకారావు మొదటిసారి అత్తగారిని ఊళ్లో అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఆ ఇరవై రోజులూ సంచులు నీళ్లలో నానాయి. లాంచికీ రాతికీ మధ్య నలిగాయి. లోపలి రసం చెక్కల మీదికి కారింది. పైకి తడిగా కనపడింది తప్ప రంగేమీ లేదు.

ఫిబ్రవరి చివరి బుధవారం పొద్దున్న తొమ్మిదిన్నర బస్సుకు జీవరత్నం దిగాడు. తిరుగు బస్సు నాలుగింటికి. ఆయన చేతిలో తోలు సంచి, అందులో స్కేలు, సుద్దముక్క, ఫారాలు. మాట తక్కువ మనిషి. టీ ఇస్తామంటే పని అయ్యాక అన్నాడు.

ఇంజను చూశాడు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, ఎడమ పక్క చెక్కల మీద అరచేయి ఆనించి ముందు నుంచి వెనక దాకా నెమ్మదిగా నడిపాడు. అరుగుదల కంటికంటే చేతికి బాగా తెలుస్తుందని ఆయన నమ్మకం. రెండోసారి కూడా నడిపాడు.

"పెరగలేదు" అన్నాడు.

అంకారావు సాంబయ్య వైపు చూశాడు. సాంబయ్య నవ్వాడు. ఎండ ఎక్కింది. జీవరత్నం కళ్లజోడు తీసి, చెమట పట్టిన మొహాన్ని అదే అరచేత్తో తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆయన "ఇదేంది?" అన్నాడు. అంతవరకూ ఆయన మాట్లాడింది పుస్తకం భాష. రెండోసారి "ఏందిరా ఇది!" అన్నాడు. మూడోసారి మాట రాలేదు.

సాంబయ్య ఆయన్ని పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టాడు. అంకారావు పెళ్లాం రత్తమ్మ ఇంటికి పరుగెత్తి నీళ్ల బిందె, మజ్జిగ తెచ్చింది. కడిగారు. మజ్జిగలో తడిపిన గుడ్డ కళ్ల మీద వేశారు. రోశమ్మ గొడుగు పట్టింది.

అరగంటకు జీవరత్నం గుడ్డ కింద నుంచి అడిగాడు. "ఆ సంచుల్లో ఏముంది?"



"మిరపకాయే సారూ" అంది రోశమ్మ. "మంచిది కాదులే, తాలు."

"ప్రయాణికులు ఎక్కే పడవకు మిరపకాయలు కట్టారా? పిల్లలు చెయ్యి పెడితే?"

"పెట్టరు సారూ. మా పిల్లలకి వాసన తెలుసు."

జీవరత్నం లేచాడు. ఒక కన్ను తెరుచుకుంది. "అవి ఇప్పుడే తీసెయ్యాలి. చెక్కలు కడగాలి. మూడు గంటలకు వేరే అడ్డు కట్టి, ఈ రాళ్ల దగ్గరే మూడుసార్లు లాంచి కట్టి చూపించాలి. చెక్క మీద సుద్ద గీత గీస్తాను. మూడుసార్ల తర్వాత గీత ఉంటే పర్మిట్. చెరిగితే లేదు." గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర.

మాచర్ల వెళ్లి టైర్లు తేవడానికి ఆ పూటకు బస్సు లేదు. గడ్డి సంచులు కడదామంటే గేదెలు నీళ్లలోనే ఉన్నాయి. అంకారావు మెట్ల మీద కూర్చుని ఎదురుగా చూశాడు. ఇన్‌స్పెక్టరు కళ్లలో కారం పడిందని తెలిసి ఊరంతా వచ్చింది. క్వారీ వాళ్లు కూడా అన్నం వేళకు ముందే పని ఆపి వచ్చారు. పై మెట్టు మీద వరసగా నిలబడ్డారు. అంకారావు తల ఎత్తితే కనపడింది పాదాలు. ఎనభై దాకా పాదాలు, వాటి కింద అతని లారీ టైర్లు.

లేచి నిలబడ్డాడు.

"చెప్పులు విప్పండి. నాలుగింటికి మళ్లీ ఇస్తా."



"ఎందుకు మావా?" అని ఒకడు అడిగాడు.

"ఎందుకేంది? లాంచికి కట్టాలి. అయ్యి నా టైర్లే గదా!"

అనకూడని మాట అది. ముందున్న వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. చెప్పు విప్పి ఇస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే.

"నీ టైర్లని యాడ రాసుంది?" అన్నాడు ఒకడు.

"నాయి శావల్యాపురం సంతలో కొన్నయ్" అన్నాడు ఇంకొకడు.

"అసలు టైర్లు ఎవరెత్తకపొయ్యారో పట్టుకో మావా, మేమూ వస్తాం ఎతకటానికి" అన్నాడు మూడోవాడు. వెనక నుంచి నవ్వులు వినపడ్డాయి.

అంకారావు గొంతు పెరిగింది. "మూడు మూలల అతుకున్నోడు ఒక్కడు దొరకనీ! ఆ ఒక్కడు దొరికితే మీ అందరి సంగతీ..."

నవ్వులు ఆగిపోయాయి. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిచ్చియ్య ఆకాశం వైపు చూశాడు.

రోశమ్మ గొడుగు సాంబయ్యకు ఇచ్చి అల్లుడి దగ్గరికి వచ్చింది.

"అల్లుడా, ముందు నీయి విప్పు."

"నాయెందుకు అత్తా?"

"విప్పు నాయనా. పొద్దు పోతంది."

విప్పాడు. రోశమ్మ వంగి కుడి చెప్పు అందుకుని తిరగేసి అతని చేతిలో పెట్టింది. మడమ దగ్గర రబ్బరు అతుకు ఉంది. మూడు మూలలు.

అంకారావు వేలు పెట్టి ఆ మూలలు లెక్కపెట్టాడు. సంక్రాంతికి రత్తమ్మ పిచ్చియ్య దగ్గర కుట్టించి తెచ్చిన చెప్పులవి. నెలన్నరగా వాటితోనే ఊరంతా తిరిగి ఊరి వాళ్ల అచ్చులు వెతికాడు. అతను వెళ్లిన ప్రతిచోటా దుమ్ములో ఆ అతుకు పడింది. ఊరు ఊరంతా చూసింది. వెనక్కి తిరిగి తన అడుగులు చూసుకోనిది అతనొక్కడే.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అని మెల్లగా అడిగాడు.

"నువ్వు తొడిగిన్నాటి నుంచే. వాకిట్లో ముగ్గు తొక్కావుగా."

"మరి చెప్పలేదేంది?"

"కొత్త చెప్పులని ముచ్చటగా తిరుగుతున్నావని."

అంకారావు మోకు తీసుకున్నాడు. కుడి చెప్పు పట్టీలో నుంచి దూర్చాడు, ఎడమ చెప్పు పట్టీలో నుంచి దూర్చాడు. తర్వాత జనం వైపు తిరిగి, ఇన్‌స్పెక్టరుకు కూడా వినపడేలా అన్నాడు.

"నాకసలు టైర్లే లేవు. ఉన్నయ్యని ఎవరన్నారో నాకు తెలియదు."

మొదట సాంబయ్య విప్పాడు. తర్వాత పిచ్చియ్య. ఆ తర్వాత మెట్ల మీద నుంచి చెప్పులు దొర్లుకుంటూ వచ్చాయి. నలభై రెండు జతలు తేలాయి. ట్యూబు రబ్బరుతో చేసిన పట్టీల్లో నుంచి మోకు దూర్చి, రెండు వరసలుగా గుచ్చారు. పిచ్చియ్య ముళ్లు వేశాడు. అడుగులు రాతి వైపు, పట్టీలు చెక్క వైపు ఉండాలని ఆయనే చెప్పాడు. చెప్పు ఏ పక్క గట్టిదో ఆయనకంటే తెలిసినవాడు అక్కడ లేడు.

రెండుంపావుకు దండ లాంచికి చుట్టడానికి తెచ్చారు. అప్పుడు రోశమ్మ అడ్డం నిలబడింది.

"యాడ కడతన్నారు దాన్ని?"

లాంచి ముందు భాగంలో ఆమె పేరుంది. రాతికి మొదట తగిలేది కూడా ముందు భాగమే. దండ సరిగ్గా పేరు కింద నుంచి మొదలవ్వాలి. అంత సేపూ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"చెప్పుల దండ ఏస్తావా అల్లుడా నాకు? ఊళ్లో అందరి చెప్పులూ కలిపి?"

"నీక్కాదత్తా, లాంచికి."

"లాంచి పేరేంది?"

రత్తమ్మ ఇంటికెళ్లి ఖాళీ గోనె సంచి తెచ్చింది. దాన్ని పేరు మీద కప్పి నాలుగు మూలలా మేకులు కొట్టారు. రోశమ్మ పక్కకు జరిగింది. దండ కట్టారు.

మూడింటికి జీవరత్నం రెండు కళ్లూ తెరుచుకున్నాయి. ఎర్రగా ఉన్నాయి. దండను ముందు నుంచి వెనక దాకా చూశాడు. కడిగిన చెక్కను ఈసారి జేబురుమాలుతో ముట్టుకున్నాడు. దండ వెనక సుద్ద గీత గీశాడు. తర్వాత ఫారం తీశాడు.

"పడవ పేరు?"

"రోశమ్మ సార్" అన్నాడు అంకారావు.

"కనపడటం లేదే. పేరు కనపడకపోతే తనిఖీ మొదలుపెట్టకూడదు. రూలు."

అంకారావు అత్తగారి వైపు చూడలేదు. సాంబయ్య చూశాడు. జనం కూడా చూశారు. రోశమ్మ కొంగు బిగించి నడుముకు దోపింది. నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి, గోనె సంచి ఒక మూల పట్టుకుని లాగింది. మేకులు ఊడి వచ్చాయి.

"రాసుకో సారూ. రోశమ్మ. నేనే." ఆమె జనం వైపు తిరిగింది. "నవ్వినోడి చెప్పులు వెనక్కి రావు."

ఎవరూ నవ్వలేదు. జీవరత్నం కళ్లు తుడుచుకుంటూ రాసుకున్నాడు. కారం వల్లో మరి దేనివల్లో చెప్పలేం.

సాంబయ్య లాంచిని వంద గజాలు తీసుకెళ్లి తిప్పుకొచ్చాడు. అప్పటికి గాలి లేచింది. మొదటిసారి దండ నాపరాతికి తగిలి దబ్‌మంది. చెక్క మోగలేదు. రెండోసారి అల వచ్చి లాంచిని పైకెత్తి వేసింది. రెండు జతలు తెగి నీళ్లలో పడ్డాయి. "అయ్యి నాయిరా" అని పైనుంచి ఒకడు అరిచాడు. పిచ్చియ్య నీళ్లలోకి దిగి ఆ ఖాళీ మీదికి పక్క చెప్పులు జరిపాడు. మూడోసారి సాంబయ్య ఇంజను ముందే ఆపి, గాలికి వదిలాడు. లాంచి వచ్చి రాతికి ఆనుకుంది. అలకొకసారి పైకి లేచింది, దిగింది. జీవరత్నం గడియారం పట్టుకుని పది నిమిషాలు చూశాడు.

దండ పక్కకు జరిపించి వంగాడు. సుద్ద గీత ఉంది. ఒకచోట అంగుళం మేర పలచబడింది. ఆయన అక్కడ స్కేలు పెట్టి కొలిచాడు. ఊరంతా మెట్ల మీద నుంచి ముందుకు వంగింది.

"గీత ఉంది" అన్నాడు.

పర్మిట్ మీద సంతకం చేశాడు. అడ్డు అనే గడిలో 'రబ్బరు, స్థానికం, ఎనభై ముక్కలు' అని రాశాడు. దాని కింద ఇంకో వాక్యం రాశాడు. లాంచి రేవులో ఉన్నంత సేపూ అడ్డు తీయరాదు. అప్పుడు టీ తాగాడు. బస్సు ఎక్కేముందు రోశమ్మకు నమస్కారం పెట్టాడు.

ఆ చివరి వాక్యాన్ని సాంబయ్య సాయంత్రం పైకి చదివాడు. దాని అర్థం తెలిసేసరికి నలభై మంది రాతి పెచ్చుల మీద ఉత్తి కాళ్లతో నిలబడి ఉన్నారు.

"నాలుగింటికి ఇస్తానన్నావు గదా మావా!"

"నేనన్నా. గవర్నమెంటు అనలా" అన్నాడు అంకారావు. అతనూ ఉత్తి కాళ్లతోనే ఉన్నాడు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే అందరికీ లాంచి దగ్గర చెప్పులు ఇచ్చేవాడు. క్వారీ పని అయ్యాక తెచ్చి మోకుకు గుచ్చి వెళ్లేలా మాట తీసుకున్నాడు. పగలు చెప్పులు లేనంతసేపూ లాంచి రేవుకు దూరంగా నీళ్ల మధ్యలో లంగరు వేసి ఉండేది. శివరాత్రి దాకా అలాగే నడిచింది. ఎవరి జత ఎవరిదో మూడో రోజుకే తెలియకుండా పోయింది. ఒక్క అంకారావుకే ఆ ఇబ్బంది రాలేదు.

శివరాత్రికి పగటిపూట అడ్డు లేని బాధ కూడా తీరింది. గుట్ట ఎక్కే భక్తులు చెప్పులతో వెళ్లరు. లాంచి ఎక్కేచోటే విప్పి సాంబయ్యకు ఇచ్చేవాళ్లు. అతను మోకుకు గుచ్చేవాడు. అవతలి ఒడ్డున లాంచి ఆ చెప్పుల మీదే ఆనుకునేది. మూడు రోజుల్లో ఎనభై ఆరు సార్లు కట్టారు. చెక్కకు గీత పడలేదు. రోశమ్మ రేవులో పీట వేసుకుని కూర్చుని, చెప్పులు ఇవ్వకుండా ఎక్కబోయిన వాళ్లను పేరు పెట్టి పిలిచి విప్పించింది.

పండగయ్యాక అంకారావు మాచర్ల వెళ్లి ఒక లారీలో పాత టైర్లు పన్నెండు వేయించుకొచ్చాడు. నాలుగింటిని పిచ్చియ్య అరుగు మీద దింపాడు.

"ఇయ్యెవరికి అబ్బాయ్?"

"ముందు ఊరికి కుట్టు. తర్వాత మిగిలినయ్ లాంచికి."

ఎనిమిది టైర్లు లాంచికి కట్టాడు. మార్చి గడిచింది, ఏప్రిల్ సగం గడిచింది. ఎనిమిదీ ఉన్నాయి. మూడో వారంలో ఒకరోజు పొద్దున్న లెక్కపెడితే ఏడున్నాయి. అంకారావు ఎవరినీ అడగలేదు. దుమ్ములో వంగి చూడలేదు. నేరుగా ఇంటికి వెళ్లాడు. రత్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆమె కాళ్ల వైపు చూశాడు.

రత్తమ్మ చేట ఆపకుండా కాళ్లు రెండూ కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.